స్టూల్ మీద నుంచి లేవని ఛాంపియన్.. సోనీ లిస్టన్ నిజంగా భయపడ్డాడా?

మాచవరం (పల్నాడు): ఏడో రౌండ్ బెల్ మోగింది. ఒక మూల నుంచి 22 ఏళ్ల కుర్రాడు లేచి నిలబడ్డాడు. రెండో మూలన ఉన్న ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ మాత్రం స్టూల్ మీద నుంచి కదల్లేదు. నోట్లోని గార్డ్ ఉమ్మేశాడు. అంతే.. పోటీ అయిపోయింది!

1964 ఫిబ్రవరి 25 రాత్రి అమెరికాలోని మయామీ బీచ్‌లో జరిగిందిది. గెలిచిన ఆ కుర్రాడు కాషియస్ క్లే. కొద్ది రోజులకే మహమ్మద్ అలీగా మారి ప్రపంచమంతా తెలిసిపోయాడు. రింగ్ మధ్యలో చేతులు పైకెత్తి గంతులేస్తున్న క్లే వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. మాచవరం సెంటర్‌లో టీ తాగుతూ రీల్స్ తిప్పే కుర్రాళ్లకు కూడా ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటుంది. అందరూ క్లేనే చూస్తారు. మూలన కూర్చున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు. అతనే సోనీ లిస్టన్.

భయపడ్డాడా? నిజంగానే గాయమైందా? ట్రైనింగ్ చేయక దమ్ము అయిపోయిందా? లేక డబ్బు తీసుకుని కూర్చున్నాడా? 60 ఏళ్లు దాటినా ఈ వాదన తెగలేదు.

పల్నాడు వాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కోడిపోరుతో రాజుకుని యుద్ధం దాకా వెళ్లిన కథ మనది. మాచవరానికి దగ్గర్లోని కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో వీరుల ఉత్సవాలు చేస్తాం. వెనుదిరగని వాడికే ఇక్కడ గుడి. అలాంటి చోట నిలబడి చూస్తే లిస్టన్ చేసింది క్షమించలేని పనిలాగే కనిపిస్తుంది. కానీ అతని బతుకు మొదటి నుంచీ చూస్తే, అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం.

పుట్టినరోజు కూడా తెలియదు

లిస్టన్ అసలు పేరు చార్లెస్. అర్కాన్సా రాష్ట్రంలోని ఓ పల్లెలో పుట్టాడు. తండ్రి టోబ్ లిస్టన్ కౌలు రైతు. పత్తి చేలల్లో పని. రెండు పెళ్లిళ్లలో కలిపి టోబ్‌కు 25 మంది పిల్లలని చెబుతారు. సోనీ చివరి వాళ్లలో ఒకడు. బడి లేదు. చదవడం, రాయడం రాలేదు. తండ్రి కొట్టిన దెబ్బల మచ్చలు పెద్దయ్యాక కూడా ఒంటి మీద ఉండేవి.

ఎప్పుడు పుట్టాడన్నది కచ్చితంగా ఎవరికీ తెలియదు. రికార్డుల్లో 1932 మే 8 అని ఉంటుంది. 1940 జనాభా లెక్కల్లో మాత్రం పదేళ్లని రాశారు. మన ఊళ్లలో పాతతరం వాళ్లకు బడిలో మాస్టారు వేసిన తేదీయే పుట్టినరోజు అయినట్టు, లిస్టన్‌కూ ఏదో ఒక తేదీ పడింది. ఇది చిన్న విషయం అనుకోవద్దు. మయామీలో స్టూల్ మీద కూర్చున్న రోజు అతనికి 31 ఏళ్లా, 34 ఏళ్లా, ఇంకా ఎక్కువా? బాక్సింగ్‌లో ఆ మూడేళ్ల తేడా చాలా పెద్దది. ఎడ్ల బండలాగుడు పోటీల్లో జతను దింపే ముందు పళ్లు చూసి విభాగం తేలుస్తారు కదా. లిస్టన్ పళ్లు చూసినవాడు ఎవడూ లేడు!

తల్లి పనికోసం సెయింట్ లూయిస్ వెళ్లిపోతే, కొన్నాళ్లకు కుర్రాడు ఆమెను వెతుక్కుంటూ వెళ్లాడు. చదువు రాదు, పని దొరకదు. దొంగతనాలు మొదలయ్యాయి. 1950లో దోపిడీ కేసుల్లో ఐదేళ్ల జైలు పడింది. మిస్సోరీ రాష్ట్ర జైలుకు పంపారు.

బాక్సింగ్ అతనికి దొరికింది ఆ జైల్లోనే. అక్కడి మతగురువు ఫాదర్ అలోయిస్ స్టీవెన్స్ ఖైదీలకు ఆటలు నేర్పేవారు. ఈ కుర్రాడి పిడికిలి చుట్టుకొలత 15 అంగుళాలు. రెండు చేతులూ చాస్తే ఆ కొస నుంచి ఈ కొసకు 84 అంగుళాలు. ఎత్తు చూస్తే ఆరడుగుల ఒక అంగుళమే! రోజూ వేళకు నిద్ర, వేళకు తిండి, వేళకు ప్రాక్టీస్. అతని బతుకులో క్రమశిక్షణ అంటూ మొదట అలవాటైంది జైలు గంట కిందే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

1952 అక్టోబర్ 31న పెరోల్ మీద బయటికొచ్చాడు. 1953లో గోల్డెన్ గ్లోవ్స్ పోటీల్లో హెల్సింకి ఒలింపిక్స్ హెవీవెయిట్ విజేత ఎడ్ శాండర్స్‌ను ఓడించాడు. ఆ సెప్టెంబర్‌లో ప్రొఫెషనల్‌గా తొలి పోటీ. 33 సెకన్లలో ముగించేశాడు.

దవడ విరిగినా దిగలేదు

లిస్టన్‌ను పిరికివాడనే వాళ్లు ఒక పోటీని మర్చిపోతారు. 1954 సెప్టెంబర్ 7. ప్రత్యర్థి మార్టీ మార్షల్. పోటీ మధ్యలో లిస్టన్ దవడ ఎముక విరిగింది. అప్పుడు అతను ఛాంపియన్ కాదు, పెద్ద పేరూ లేదు. దిగిపోయినా అడిగేవాడు లేడు. అయినా ఎనిమిది రౌండ్లూ నిలబడి ఆడాడు. జడ్జీల లెక్కలో స్వల్ప తేడాతో ఓడాడు. తర్వాత అదే మార్షల్‌ను రెండుసార్లు ఓడించాడు.

విరిగిన దవడతో నిలబడ్డవాడు, పదేళ్ల తర్వాత భుజం నొప్పని కూర్చుండిపోయాడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నొప్పికి భయపడే మనిషైతే 1954లోనే దిగిపోయేవాడు. ఈ పదేళ్లలో ఏదో మారింది.

ఏం మారింది? ముందు చుట్టూ చేరిన మనుషుల గురించి చెప్పాలి. లిస్టన్ పోటీల మీద మాఫియా పట్టు ఉండేది. ఫ్రాంకీ కార్బో, బ్లింకీ పలెర్మో లాంటి వాళ్ల పేర్లు 1960లో అమెరికా సెనేట్ కమిటీ ముందుకే వచ్చాయి. మధ్యలో 1956లో ఓ పోలీసుతో గొడవ. పోలీసు కాలు విరిగింది, తుపాకీ లిస్టన్ చేతికొచ్చింది. తొమ్మిది నెలల శిక్ష పడింది. 1957 మొత్తం ఒక్క పోటీ కూడా లేదు. బయటికొచ్చాక వరుసగా గెలుస్తూ పోయాడు. క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను రెండుసార్లు, జోరా ఫోలీని ఒకసారి పడగొట్టాడు. 1960 సెప్టెంబర్‌లో ఎడ్డీ మేచెన్ మీద 12 రౌండ్లు పూర్తిగా ఆడి పాయింట్లతో గెలిచాడు.

ఛాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌తో పోటీ మాత్రం చాలాకాలం దొరకలేదు. లిస్టన్‌తో ఆడొద్దని ప్యాటర్సన్‌కు సలహా ఇచ్చినవాళ్లలో అధ్యక్షుడు కెన్నెడీ కూడా ఉన్నారు. చివరికి 1962 సెప్టెంబర్ 25న చికాగోలో పోటీ జరిగింది. 2 నిమిషాల 6 సెకన్లు. తొలి రౌండ్‌లోనే ప్యాటర్సన్ కింద పడ్డాడు. ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ లిస్టన్!

మర్నాడు సొంతూరుగా చేసుకున్న ఫిలడెల్ఫియాకు విమానంలో బయల్దేరాడు. జనం వస్తారని, వాళ్లతో ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చాడట. మంచి ఛాంపియన్‌గా ఉంటానని చెప్పాలనుకున్నాడు. దిగి చూస్తే విలేకరులు, విమానాశ్రయ సిబ్బంది తప్ప ఎవరూ లేరు. దండ లేదు, బ్యాండు లేదు. అతని మొహం అక్కడే మారిపోయిందని వెంట ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు. పంచాయతీ ఎన్నిక గెలిస్తేనే ఊరేగింపు తీసే మనకు, ప్రపంచాన్ని గెలిచొచ్చినవాడి కోసం ఎవరూ రాకపోవడం ఊహకు కూడా అందదు.

పావుగంట ఛాంపియన్

1963 జులై 22న లాస్ వెగాస్‌లో ప్యాటర్సన్‌తో రీమ్యాచ్. ఈసారి 2 నిమిషాల 10 సెకన్లు. అప్పుడిక లిస్టన్‌ను ఓడించేవాడు పుట్టలేదన్నారు. క్లేతో పోటీకి ముందు విలేకరులను అడిగితే 46 మందిలో 43 మంది లిస్టన్ వైపే చెప్పారు. బెట్టింగ్‌లో క్లే మీద ఒకటికి ఏడు ఇస్తామన్నారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. 1960 సెప్టెంబర్‌లో మేచెన్ మీద 12 రౌండ్లు ఆడాక, మయామీ దాకా లిస్టన్ ఆడిన పోటీలు నాలుగే. హోవార్డ్ కింగ్ మూడో రౌండ్‌లో అయిపోయాడు. ఆల్బర్ట్ వెస్ట్‌ఫాల్ తొలి రౌండ్‌లో. ప్యాటర్సన్ రెండుసార్లూ తొలి రౌండ్‌లో. దాదాపు మూడున్నరేళ్లలో రింగ్‌లో గడిపిన అసలు సమయం మొత్తం కలిపితే పావుగంటకు మించదు. అది గొప్పే, కాదనం. కానీ ఒళ్లు ఏం నేర్చుకుంది? రెండు నిమిషాలు కొడితే పని అయిపోతుందని నేర్చుకుంది.

బండలాగుడు పోటీలకు జతను తయారుచేసే రైతులను అడిగి చూడండి. మొదటి లాగుడులో ఊపు ఏ ఎద్దుకైనా ఉంటుంది. సమయం సగం దాటాక, నోట్లో నురుగొచ్చాక కాలు ముందుకు పడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష. అది రోజూ నడిపించినవాడి చేతిలో ఉంటుంది కానీ, పెట్టిన ఉలవల్లో మాత్రమే ఉండదు.

మయామీలో లిస్టన్ నడవలేదు. ఆనాటి విలేకరులు రాసిన ప్రకారం చూస్తే రోడ్డు మీద పరుగు నామమాత్రం. హాట్‌డాగ్‌లు, బీరు, పేకాట, రాత్రి తిరుగుళ్లు. ట్రైనింగ్ చూడ్డానికి టికెట్ కొన్న జనం ముందు పాట పెట్టుకుని తాడాట ఆడేవాడు. చూడ్డానికి బాగుండేది. ఎదురుగా క్లే మాత్రం జిమ్‌లో గంటలు గంటలు చెమటోడుస్తున్నాడు. బయట ఎంత వాగినా, లోపల పని ఆపలేదు. క్లే వాగుడు చూసి పిచ్చివాడు, భయంతో అరుస్తున్నాడు అనుకున్నారు. పోటీ రోజు ఉదయం బరువు తూచేటప్పుడు క్లే నాడి నిమిషానికి 120 కొట్టుకుంది. లిస్టన్ వర్గం ఇంకా ధీమాగా ఉంది.

జైల్లో గంట కొట్టేవాడు ఉన్నాడు. ఛాంపియన్ అయ్యాక గంట కొట్టే ధైర్యం ఎవరికీ లేదు. చుట్టూ ఉన్నవాళ్లకు అతని పంచ్ కావాలి, పంచ్ తెచ్చే డబ్బు కావాలి. పొద్దున్నే లేపి పరిగెత్తించే మనిషి ఒక్కడు కరువయ్యాడు.

ఆ ఆరు రౌండ్లలో ఏం జరిగింది?

లిస్టన్ ప్రధాన ఆయుధం ఎడమ చేయి. ఎదుటివాడి ముఖం మీదకు సూటిగా దూసుకెళ్లే ఆ పంచ్‌ను జాబ్ అంటారు. తొలి రౌండ్ నుంచీ ఆ జాబ్ గాల్లోనే పోయింది. క్లే తల వెనక్కి లాగేస్తున్నాడు, పక్కకు జరిగిపోతున్నాడు. తగలని పంచ్‌కు తగిలిన పంచ్ కన్నా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. భుజం మీద భారం కూడా దానికే ఎక్కువ.

మూడో రౌండ్‌లో లిస్టన్ ఎడమ కంటి కింద చిట్లి రక్తం కారింది. నాలుగో రౌండ్ అయ్యాక కథ అడ్డం తిరిగింది. క్లే కళ్లు మంటలెత్తి ఏమీ కనిపించలేదు. గ్లోవ్స్ తీసేయమన్నాడు. అంటే ఆ క్షణంలో పోటీ వదిలేయబోయింది క్లేనే! ట్రైనర్ యాంజెలో డండీ కళ్లు కడిగి, లేపి, రింగ్‌లోకి తోశాడు. లిస్టన్ గ్లోవ్స్‌కు ఏదో మందు రాశారన్న అనుమానం అప్పటి నుంచీ ఉంది. గాయానికి వాడిన మందే అంటుకుందని మరికొందరంటారు. ఏదీ రుజువు కాలేదు.

ఐదో రౌండ్‌లో కళ్లు సరిగ్గా కనిపించని ప్రత్యర్థి ఎదురుగా ఉన్నాడు. మూడేళ్ల కిందటి లిస్టన్ అయితే అక్కడే ముగించేవాడు. ముగించలేకపోయాడు. కాళ్లు కదల్లేదు. క్లే చేయి అడ్డం పెట్టి, చుట్టూ తిరుగుతూ మూడు నిమిషాలు బతికిపోయాడు. నా లెక్కలో పోటీ పోయింది ఆరో రౌండ్ తర్వాత స్టూల్ మీద కాదు, ఈ ఐదో రౌండ్‌లోనే. ఆరో రౌండ్‌లో చూపు తేరుకున్న క్లే ఇష్టమొచ్చినట్టు కొట్టాడు.

ఇంకో విచిత్రం. లిస్టన్ కూర్చున్న ఆ నిమిషానికి జడ్జీల లెక్క సమానంగా ఉంది. అంటే ఓడిపోతూ కూర్చోలేదు. హెవీవెయిట్ టైటిల్ ఉన్నవాడు ఇలా కార్నర్ నుంచి రాకపోవడం 1919లో జెస్ విల్లార్డ్ తర్వాత ఇదే మొదటిసారి. విల్లార్డ్ మూడు రౌండ్లలో జాక్ డెంప్సీ చేతిలో చితికిపోయాడు. లిస్టన్ పరిస్థితి అంత దారుణంగా లేదు. జనానికి కోపం వచ్చింది అందుకే.

గాయమా? ఫిక్సింగా?

లిస్టన్‌కు ఇవ్వాల్సిన డబ్బును అధికారులు ఆపేశారు. ఆ రాత్రే ఆస్పత్రిలో డాక్టర్లు పరీక్షించారు. ఎడమ భుజం దగ్గర కండర బంధనం చిరిగిందని తేల్చారు. ఆ తర్వాత డబ్బు వదిలారు. భుజం ముందు నుంచే ఇబ్బంది పెడుతోందని వెంట ఉన్న కొందరు చెప్పారు. మరోవైపు, ఆరో రౌండ్‌లో కూడా అదే ఎడమ చేత్తో పంచ్‌లు విసిరాడు కదా అని వీడియో చూపించి అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

ఫిక్సింగ్ అనుమానానికీ కారణం ఉంది. క్లే తర్వాతి పోటీని ప్రమోట్ చేసే హక్కును లిస్టన్ వర్గం కంపెనీ ముందే 50 వేల డాలర్లకు కొనుక్కుంది. ఓడిపోయినా లాభమే అన్నమాట! సెనేట్‌లో దీని మీద విచారణ జరిగింది. ఫ్లోరిడా ప్రాసిక్యూటర్ కూడా ఆరా తీశారు. పోటీ ఫిక్స్ అయిందని ఆధారం దొరకలేదు.

ఈ మూడు వాదనల్లో దేన్నీ పూర్తిగా కొట్టేయలేం. అయితే గాయాన్ని, ట్రైనింగ్ లేమిని విడదీసి చూడటమే తప్పనిపిస్తుంది. భుజం చిరిగింది నిజమే అనుకుందాం. కాళ్లలో పరుగు, గుండెల్లో దమ్ము ఉంటే ఒంటిచేత్తో కూడా ఇంకో రెండు రౌండ్లు లాగొచ్చు. దవడ విరిగినప్పుడు లాగాడు కదా. ఆ రోజు అతని దగ్గర ఉన్నది ఒక్క ఎడమ చేయి. అది పోయాక ఇంకేమీ మిగల్లేదు. అలా ఇంకేమీ మిగలకుండా చేసుకుంది మాత్రం అతనే.

ఇది లిస్టన్ ఒక్కడి కథ కూడా కాదు. పదేళ్ల తర్వాత జార్జ్ ఫోర్‌మన్ అచ్చం ఇలాగే వచ్చాడు. కుర్రతనంలో లిస్టన్ దగ్గరే స్పారింగ్ చేసినవాడు. ఫ్రేజియర్, రోమన్, నార్టన్.. ముగ్గురినీ కలిపి ఐదు రౌండ్లలోపే పడేశాడు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో అదే అలీ అతన్ని ఎనిమిదో రౌండ్ దాకా తీసుకెళ్లి, ఆయాసపెట్టి, పడగొట్టాడు.

మళ్లీ కష్టపడ్డాడు.. కానీ!

ఇది చాలామందికి తెలియని భాగం. అవమానం తర్వాత లిస్టన్ పట్టుదలగా ట్రైనింగ్ చేశాడు. 1964 నవంబర్ 16న బోస్టన్‌లో రీమ్యాచ్. ఒళ్లు తగ్గించాడు, పరుగులు పెట్టాడు. అతన్ని అంత ఫిట్‌గా చాలా కాలంగా చూడలేదని రాశారు. పోటీకి మూడు రోజుల ముందు అలీకి హెర్నియా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పోటీ ఆరు నెలలు వాయిదా!

వయసు మీద పడ్డ ఒంటిని ఒకసారి దారికి తేవడమే కష్టం. ఆరు నెలల్లో రెండోసారి తేవడం అతని వల్ల కాలేదు.

1965 మే 25న మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న ఊళ్లో పోటీ జరిగింది. టికెట్ కొని వచ్చింది 2,434 మంది. తొలి రౌండ్‌లోనే అలీ కుడి చేతి పంచ్‌కు లిస్టన్ పడిపోయాడు. ఆ పంచ్ చాలామందికి కనిపించనే లేదు. రిఫరీ జెర్సీ జో వాల్కాట్ గందరగోళపడ్డాడు, లెక్క సరిగ్గా సాగలేదు. లేచి మళ్లీ ఆడుతున్నవాళ్లను ఆపేశారు. మయామీ విషయంలో లిస్టన్ తరఫున మాట్లాడటానికి ఎంతో ఉంది. లూయిస్టన్ విషయంలో మాత్రం మాటలు దొరకవు.

ఆ తర్వాత స్వీడన్ వెళ్లి ఆడాడు. వరుసగా 14 గెలిచాడు. 1969 డిసెంబర్‌లో లియోటిస్ మార్టిన్ చేతిలో తొమ్మిదో రౌండ్‌లో ఓడాడు. 1970 జూన్ 29న చివరి పోటీ. చక్ వెప్నర్ ముఖానికి 70కి పైగా కుట్లు పడ్డాయి. మొత్తం 54 పోటీల్లో 50 గెలుపులు, అందులో 39 నాకౌట్లు. 1991లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేరింది. అంతా చేసినా అతని పేరు చెప్పగానే గుర్తొచ్చేవి ఆ నాలుగు ఓటముల్లో రెండే.

కారంపూడి వీరులను తలుచుకునేటప్పుడు మనం ఒక సంగతి పెద్దగా మాట్లాడుకోం. కథ ప్రకారం యుద్ధం చివర్లో బ్రహ్మనాయుడు రాజ్యం వదిలేసి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడు. ఆయన్ను పారిపోయాడని పల్నాటిలో ఎవరూ అనరు. లిస్టన్‌కు అలాంటి కథ చెప్పిపెట్టేవాళ్లు లేకపోయారు.

1971 జనవరి 5న ఊరెళ్లి తిరిగొచ్చిన భార్య జెరాల్డిన్‌కు లాస్ వెగాస్ ఇంట్లో లిస్టన్ శవం కనిపించింది. చనిపోయి కొన్ని రోజులైంది. మరణించిన తేదీని 1970 డిసెంబర్ 30గా రాశారు. పుట్టిన రోజులాగే పోయిన రోజు కూడా అంచనాయే. సహజ మరణమని రికార్డుల్లో ఉంది. ఒంట్లో హెరాయిన్ ఆనవాళ్లు, సూదులంటేనే భయపడే మనిషి, మాఫియా పాత లెక్కలు.. పుకార్లు ఇప్పటికీ ఆగలేదు.

వెగాస్ విమానాశ్రయం పక్కనే ఉన్న శ్మశానంలో పూడ్చారు. నేలకు సమానంగా చిన్న ఫలకం. దాని మీద పేరు, 1932, 1970 అని రెండు సంవత్సరాలు, కింద మనిషి అనే అర్థం వచ్చే రెండు చిన్న మాటలు. ఛాంపియన్ అని ఎక్కడా లేదు. తల మీదుగా విమానాలు దిగుతూనే ఉంటాయి.